ఊ కొట్టే గది

మా షాపు కింద, మా ఇల్లు పైన. మధ్యలో ఉన్నది చెక్క నేల. పైన చెంచా జారిపడినా కింద నాకు తెలిసిపోతుంది. నేను పటాలు కడతాను. పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు. పని చేసేటప్పుడు చిన్న మేకులు పెదాల మధ్య పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి కొడతాను. నోట్లో మేకులున్నవాడు ఎక్కువ మాట్లాడడు. అదే అలవాటైపోయి, మేకులు లేనప్పుడు కూడా మాట రాదు.

మా ఇంటి మాటలన్నీ మా ఆవిడ దగ్గరే ఉండేవి. వీధివైపు గదిలో శనివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళు చేరేవారు. వంటల గురించి కాదు, కోడళ్ళ గురించీ కాదు. మనిషి అబద్ధం ఎందుకాడతాడు, జైల్లో వేస్తే దొంగ మారతాడా, చదువుకీ తెలివికీ ఏమైనా చుట్టరికం ఉందా, ఇలాంటివి. ఒకామె ఔననేది, ఇంకొకామె కాదనేది, సాయంత్రానికి ఇద్దరూ వేరే ఒడ్డున తేలేవారు. ‘ఊసుపోనివాళ్ళ కొలువు’ అని వీధిలో మగవాళ్ళు నవ్వేవారు. వాళ్ళ పెళ్ళాలు మాత్రం శనివారం మధ్యాహ్నం ఇంట్లో దొరికేవారు కాదు.

ఆ కొలువుకి మా ఆవిడ పెద్ద. ఆ పెద్దరికమంతా ఒక్క అక్షరంలో ఉండేది. ఊ. ఎవరు మాట్లాడినా ఊ కొట్టేది. ఆ ఊ పడితే ఎదుటి మనిషి ఆగలేకపోయేది. ఇక చెప్పడానికేమీ లేదనుకున్నామె కూడా ఇంకో గంట చెప్పేది. పైన మాట్లాడుకునే మాటలు నా బల్ల దాకా వచ్చేసరికి తేనెటీగల రొదలా వినపడేవి. ఆమె ఊ మాత్రం స్పష్టంగా దిగేది, ఆమె పేము కుర్చీ సరిగ్గా నా బల్లకి పైనే ఉండేది కాబట్టి.

ఆమె పోయాక గదికి తాళం వేశాను. మళ్ళీ తీయలేదు.

ఒక రోజు మా కోడలు షాపులోకి దిగింది. ఆమె ఒక కంపెనీలో ఫోన్ల దగ్గర పని చేస్తుంది. బిల్లు ఎక్కువొచ్చిందనీ లైను పోయిందనీ తిట్టేవాళ్ళకి సమాధానం చెప్పాలి. ఏం చెప్పాలో కంపెనీవాళ్ళే రాసిస్తారు.

“మావయ్యా, అత్తయ్య గది తాళం ఇస్తారా?”

మేకులు తీశాను. “ఎందుకమ్మా?”

“మళ్ళీ పెడదామని. ఆడవాళ్ళం కూర్చుని మాట్లాడుకోవడం.”

మా అబ్బాయి మెట్ల మీంచి వింటున్నాడు. “ఫోన్లో గ్రూపు పెట్టుకోరాదూ? గది దులపక్కర్లేదు.”

“గ్రూపులో పొద్దున్నే పువ్వులొస్తాయి, రాత్రికి చందమామ వస్తాడు. మాట ఎక్కడొస్తుంది?”

“మరి టీ ఎవరు పెడతారు?”

“శనివారం నీకు సెలవేగా.”

వాడు తల గోక్కుంటూ పైకి పోయాడు. కోడలు మాత్రం కదలలేదు. నా బల్ల మీదున్న గాజు ముక్కల్ని వేలితో తాకబోయి మానేసింది.

“ఒక సంగతి నలుగురిలో పెట్టి తేల్చుకోవాలి మావయ్యా. ఆఫీసులో నన్ను ఒక గదిలో కూర్చోబెట్టి ఏవేవో వాక్యాలు చదివించారు. మొన్న తెలిసింది, నా గొంతుతో మిషన్ తయారుచేశారట. ప్రస్తుతానికి పరీక్షకి పెట్టి చూస్తున్నారు. నేనిక్కడ కంచం ముందు కూర్చుంటే నా గొంతు అక్కడ ఎవరికో సారీ చెప్తుంటుంది. ఇప్పుడు సంతకం పెట్టమంటున్నారు. పెడితే ఆ గొంతు ఎప్పటికీ వాళ్ళదే. నేను మానేసినా, నేను పోయినా. పెట్టకపోతే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో.”

“మా వాడేమంటాడు?”

“పెట్టెయ్యమంటారు. మా అమ్మేమో వద్దంటుంది. ఎందుకో ఇద్దరూ చెప్పరు. అత్తయ్య ఉంటే ఆ గదిలో పెట్టి తేల్చేవారు.”

తాళంచెవి తీసి ఇచ్చాను.

గది దులిపారు. పేము కుర్చీ ఎక్కడిదక్కడే ఉంది. పక్క సందులో బట్టలు కుట్టే టైలరమ్మ వచ్చింది, లాయరమ్మ వచ్చింది, డ్యూటీ దిగి అటునుంచి అటే నర్సమ్మ వచ్చింది. ఇంకొందరొచ్చారు. మా ఆవిడ కాలంనాటివాళ్ళలో ఒక్కరూ లేరు. కొందరు పోయారు, కొందరికి మోకాళ్ళు పోయాయి.

మొదటి వారం పైనుంచి దిగిన చప్పుడు బస్టాండులో అనౌన్సుమెంటులా ఉంది. ఒకరిది ఆగుతుంది, కాస్త ఖాళీ, ఇంకొకరిది మొదలవుతుంది. సాయంత్రం కోడలు కప్పులు కడుగుతుంటే అడిగాను.

“ఎలా జరిగిందమ్మా?”

“అందరం మాట్లాడాం మావయ్యా. ఎవరూ వినలేదు.”

తరువాతి వారం నర్సమ్మ మాట్లాడుతోంది. బతకడని తెలిసిన రోగికి ఆ సంగతి చెప్పాలా దాచాలా అని ఆమె ప్రశ్న. అది కోడలు నాకు తర్వాత చెప్పింది. అప్పుడు నాకు వినపడ్డది ఒక సన్నటి గొంతు మధ్యలో తెగిపోవడం మాత్రమే. గాజు పలక మీద కట్టర్ పెట్టి గీత లాగుతున్నాను.

ఊ.

కట్టర్ పక్కకి పోయింది. పలక అడ్డంగా చీలింది.

ఆ ఊ నాకు తెలుసు. కొసన కొంచెం పైకి లేస్తుంది, తలుపు సందులోంచి తొంగి చూసినట్టు. సరిగ్గా నా బల్లకి పైనుంచే వచ్చింది. పైన కుర్చీలు జరిగిన చప్పుడు విన్నాను. ఎవరో “ఎవరది?” అన్నారు. ఆ తరువాత నర్సమ్మ గొంతు మళ్ళీ మొదలైంది. ఈసారి తెగలేదు.

ఆ వారం మధ్యలో ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ఫ్రేముకి పాలిష్ పెడుతూ, పైకి చూడకుండానే, “ఎండ మండిపోతోంది” అన్నాను. నాకే కొత్తగా ఉంది నా గొంతు.

ఊ.

“మనవరాలికి పన్ను ఊడింది.”

ఊ.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు షాపు షట్టరు సగం దించేవాణ్ణి. ఆమె ఉన్నప్పుడు చెప్పేది ఆమె, వినేది నేను. ఇప్పుడు తిరగబడింది. పొద్దున లేస్తూనే ఇవాళ ఏం చెప్పాలా అని ఏరుకునేవాణ్ణి. ఒకడు తాతగారి ఫోటో అనుకుని మామగారి ఫోటో తెచ్చి పటం కట్టించుకున్నాడు, అది చెప్పాను. ఊ అంది. నవ్వు ఆపుకుంటూ అన్న ఊ అది. మెడ మీద వెంట్రుకలు లేచాయి. అయినా మర్నాడు మళ్ళీ చెప్పాను.

పైన శనివారాలకి జనం పెరిగారు. మెట్ల మీద చెప్పులకి చోటు చాలలేదు. కానీ చప్పుడు తగ్గింది. ఎవరో రెండు మాటలంటారు, అందరూ ఆగుతారు, ఊ వినపడుతుంది, ఇంకొకరు మొదలుపెడతారు. ఒకసారి గుమ్మంలోంచి చూశాను. కుర్చీలన్నీ ఒకదానికొకటి ఎదురుగా లేవు. అన్నీ పేము కుర్చీ వైపు తిరిగి ఉన్నాయి. దాని మీద ఎవరో పూలు పెట్టారు.

కోడలు కిందికొచ్చింది. మొహం పీక్కుపోయింది.

“సోమవారం సంతకం గడువు మావయ్యా. నా సంగతి ఇంకా పెట్టలేదు. పెట్టి లాభం లేదు. ఇప్పుడెవరూ వాదించుకోవట్లేదు. చుట్టూ ఇంతమంది ఉన్నా నాతో మాట్లాడేవాళ్ళు లేరు.” గొంతు తగ్గించింది. “నిజం చెప్పండి. కిందనుంచి ఊ కొడుతున్నది మీరేనా?”

నోట్లో మేకులున్నాయి. “ఊహూ” అన్నాను.

ఉలిక్కిపడింది. తరువాత నవ్వేసింది. “అచ్చం అత్తయ్యే! కలిసి బతికితే మొహాలు కలుస్తాయంటారు. మీకు గొంతులు కలిశాయి.”

మేకులు అరచేతిలోకి ఊశాను. “నేను కాదమ్మా.”

“అయితే ఈ శనివారం షాపు మూసి పైకొచ్చి కూర్చోండి.”

“ఆడవాళ్ళ మధ్య నేనెందుకు?”

“గుమ్మం పక్కన కూర్చోండి. మిమ్మల్ని మాట్లాడమని ఎవరూ అడగరు. అడిగినా మీరు మాట్లాడతారా ఏంటి?”

శనివారం షట్టరు దించి తాళం వేసి పైకెళ్ళాను. గుమ్మం పక్కన స్టూలు వేశారు. ఎండ కిటికీలోంచి కుర్చీ మీద పడుతోంది. పేము అల్లిక మధ్యలో ఆమె కూర్చుని కూర్చుని పడిన గుంట అలాగే ఉంది.

“ఏం అన్నా, నోట్లో మేకులున్నాయా? ఏదీ, ఆ అను!” అంది టైలరమ్మ.

నోరు తెరిచి చూపించాను. అందరూ నవ్వారు. కోడలు నవ్వలేదు. లేచి నిలబడి తన సంగతి చెప్పింది. చదివించిన వాక్యాలు, మిషను, సంతకం. వణక్కుండా చెప్పింది.

“పెట్టాలో వద్దో నాకు తేలట్లేదు. మీరంతా ఆలోచించి చెప్పాలి” అని కూర్చుంది.

ఒక్కరూ ఆమెవైపు చూడలేదు. అందరి తలలూ పేము కుర్చీ వైపు తిరిగాయి. నేనూ అటే చూస్తున్నాను.

ఊ.

కుర్చీలోంచి రాలేదు. మా అందరి పాదాల కిందనుంచి వచ్చింది. మూసిన నా షాపులోంచి.

టైలరమ్మ రెండు కాళ్ళూ ఎత్తి కుర్చీ మీద పెట్టేసుకుంది. “అన్నా! కింద ఎవరున్నారు?”

“ఎవరూ లేరు.”

“తాళం?”

జేబులోంచి తీసి చూపించాను.

లాయరమ్మ అందరికంటే ముందు తేరుకుంది. “పైనుంచి వస్తేనేం, కిందనుంచి వస్తేనేం! ఆవిడ ఊ అన్నారు. ఇంకేం, పెట్టెయ్ సంతకం. కాగితం నేను చదివి పెడతాను.”

“అంతే. నన్నూ అలాగే ఒడ్డెక్కించారు” అంది టైలరమ్మ, కాళ్ళు దించకుండానే. “మా చెల్లిని ఇంట్లోంచి పంపించెయ్యనా అని అడిగాను. ఊ అన్నారు. పంపించేశాను.”

“రోగికి నిజం చెప్పనా అంటే నాకూ ఊ అన్నారు. చెప్పేశాను” అంది నర్సమ్మ.

“ఏంటీ?” అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. స్టూలు మీంచి ఎప్పుడు లేచానో నాకు తెలియదు.

“ఆవిడ ఊ అంటే ఒప్పుకున్నట్టని ఎవరన్నారు?”

“ఊ అంటే మరేంటండీ?” అంది లాయరమ్మ. “ఎక్కడైనా ఊ అంటే ఔననేగా.”

“ఆవిడ దగ్గర కాదు.”

“మరేంటో చెప్పండి!”

చెప్పక తప్పలేదు. “పెళ్ళి చేసుకుంటావా అని నేనే అడిగాను. మా రోజుల్లో అలా అడగడం పెద్ద విషయం. ఊ అంది. పరిగెత్తుకెళ్ళి మా అమ్మకి చెప్పాను. రెండిళ్ళలోనూ తెలిసిపోయింది. ఆ తరువాత అంది నాతో, ‘తర్వాత ఏం చెప్తారో అని ఊ కొట్టాను మహానుభావా. మీరు చెప్పడం మానేసి పారిపోయారు’ అని. పెళ్ళయ్యాక కూడా దెప్పింది. పిల్లాడు పుట్టాక కూడా దెప్పింది.”

ముందు నర్సమ్మ నవ్వింది. ఆపైన గది గదంతా నవ్వింది. పూలు పెట్టినావిడెవరో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

“అంటే పొరపాటున జరిగిన కాపురమా అన్నా మీది!” అని టైలరమ్మ తొడ చరుచుకుంది. చరుచుకుంటూనే ఆగిపోయింది. “ఉండండి. అయితే మా చెల్లి…” కాళ్ళు కిందికి దించింది. “ఎందుకు పంపాలో నేను చెప్పలేదు ఆ రోజు. పంపించెయ్యనా అన్నానంతే. ఎందుకని ఆవిడ అడిగారన్నమాట నన్ను. ఎందుకంటే చెప్పడానికి నా దగ్గర ఏముందీ? అది నాకంటే బాగా కుడుతుందని తప్ప!”

ఫోన్ తీసుకుని మెట్ల మీదికి పోయింది. అక్కడనుంచి వినపడింది. “ఒసేయ్, ఎక్కడ చచ్చావే… తిట్టడానికి కాదే… ముందు ఏడుపాపు, రేపే వచ్చెయ్.”

నర్సమ్మ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. “నిజం విని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఇటు తిరగలేదు” అంది, ఎవరితోనూ కాకుండా.

గదిలో ఎండ కొంచెం జరిగింది. కోడలు నన్నే చూస్తోంది.

“అయితే అత్తయ్య నన్ను తర్వాతేంటని అడిగారు.”

“అంతేనమ్మా.”

“తర్వాతది నేను చెప్పలేదు. మీ అబ్బాయికి కూడా చెప్పలేదు.” చీర కొంగు వేలికి చుట్టుకుంది. “పాప ఆ మధ్య ఒకరోజు మధ్యాహ్నం నా కోసం ఆఫీసు నంబరుకి ఫోన్ చేసింది. బిల్లు మీద ఉంటుందిగా నంబరు. మిషన్ ఎత్తింది. ‘అమ్మా, నా పన్ను ఊడింది’ అందట పాప. ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, దయచేసి లైన్లో ఉండండి’ అన్నానట నేను. నా గొంతే. పాప లైన్లో ఉండిపోయింది. నేను ఇంటికొచ్చేసరికి ఇంకా ఫోన్ చెవికి పెట్టుకునే ఉంది. నేను గుమ్మంలో నిలబడి పిలిస్తే నా మొహం చూసింది, ఫోన్ చూసింది. ‘ఉష్, అమ్మ ఉండమంది’ అంది నాతో.”

ఒక్కరు కూడా కుర్చీ వైపు చూడలేదు. అందరూ ఆమెనే చూస్తున్నారు.

ఊ.

ఈసారి ఇంకా దగ్గర నుంచి వచ్చింది. చెక్క నేలకి నోరు ఆనించి అన్నట్టు. నా అరికాలికి తగిలింది ఆ మాట.

కోడలు కళ్ళు మూసుకుని తెరిచింది. “నేను సంతకం పెట్టను. నేను లేనిచోట నా గొంతు ఉండకూడదు.” నేలవైపు చూసింది. “మరి అత్తయ్య గొంతు? మనం చేస్తున్నదేంటి? పాప అక్కడ లైన్లో ఉన్నట్టే మనమంతా ఇక్కడ లైన్లో ఉన్నాం.”

“అంటే, వచ్చేదాన్ని రావద్దంటావా?” అంది లాయరమ్మ. గొంతులో మునుపటి గట్టిదనం లేదు.

“నేననను. అనాల్సింది నేను కాదు.” కోడలు నా దగ్గరికొచ్చి స్టూలు పక్కన నేల మీద కూర్చుంది. చిన్నగా, నాకొక్కడికే అన్నట్టు చెప్పింది. “మావయ్యా, మధ్యాహ్నాలు షాపులో మీరు మాట్లాడుతుంటారు. ఒకరోజు తలనొప్పొచ్చి తొందరగా వచ్చాను. మెట్ల మీద కూర్చుని విన్నాను. మీ నోట అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. మీ అబ్బాయి కూడా విని ఉండరు. మీరు ఉండనీ అంటే ఉండనిస్తాను. ఈ గది మళ్ళీ మూసేస్తాను. సోమవారం నా తిప్పలు నేను పడతాను. ఒట్టు.”

గదిలో అందరూ నా మొహం చూస్తున్నారు. కింద నా షాపు ఉంది, అందులో నా బల్ల, దాని దగ్గర ఆమె. రేపు మధ్యాహ్నం చెప్పాలని ఒకటి దాచుకుని ఉన్నాను. చాలా చిన్న విషయం. ఇంకెవరికి చెప్పినా విషయమే కాదు.

ఊ అంటే చాలు, నా నోటికి అదే అలవాటు. కానీ ఎటు పడుతుందో తెలియని మాట అది.

“సరే” అన్నాను. “పొమ్మను.”

కోడలు నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది. రెండు అరచేతులూ నేల మీద ఆనించింది. “అత్తయ్యా, మీరు వెళ్ళండి. ఇక మేం వింటాం. ఒకరిది ఒకరం.”

చెక్క చల్లబడినప్పుడు ఒక చప్పుడు చేస్తుంది. అదే అయ్యుంటుంది. టక్కుమని ఒక్కసారి వినపడింది. అంతే.

నర్సమ్మ గొంతు సవరించుకుంది. “ఊ… మరి సోమవారం ఆఫీసులో ఏమని చెప్తావ్?”

“పెట్టనని చెప్తాను.”

“పెట్టనంటే సరిపోతుందా?” అంది లాయరమ్మ, కుర్చీ ఇటు తిప్పుకుని. “ఇప్పటికే తీసుకున్న గొంతు సంగతేంటి? అది వెనక్కి రావాలి కదా.”

“గొంతేమైనా గొలుసా, వెనక్కిస్తే మెళ్ళో వేసుకోవడానికి?” అని ఎవరో అన్నారు.

టైలరమ్మ ఎర్రబడ్డ ముక్కుతో లోపలికొచ్చింది. “ఏంటీ, నేను లేకుండా తేల్చేశారా? కుదరదు. మళ్ళీ మొదట్నుంచి చెప్పండి. నేను కాదంటాను.”

“దేన్ని కాదంటావో తెలుసా?”

“మీరు చెప్పండి, తర్వాత చూసుకుంటా!”

కుర్చీలు ఒక్కొక్కటే ఇటు తిరుగుతుంటే నేను లేచి మెట్లు దిగాను. షట్టరు ఎత్తాను. లోపల పాలిష్ వాసన. బల్ల, గాజు పలకలు, గోడకి ఆనించిన ఖాళీ ఫ్రేములు. అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

“టైలరమ్మ చెల్లెలు తిరిగొస్తోందట” అన్నాను.

ఆగాను. మళ్ళీ అనబోయి ఊరుకున్నాను.

పైన గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మధ్యలో ఎవరో ఊ కొట్టారు. అది ఎవరి గొంతో పోల్చుకోలేకపోయాను.